ఈసారి యాన్యువల్ డే డాన్స్ పిల్లలే కంపోజ్ చేస్తున్నారు

పేరెంట్స్ అందరికీ నమస్కారమండి.

ఈ ఏడాది యాన్యువల్ డేకి డాన్స్ మాస్టర్‌ని పిలవట్లేదా అని చాలామంది అడుగుతున్నారు, అవునండి, పిలవట్లేదు. మాస్టర్ గారు వచ్చి వారం పది రోజుల్లో సినిమా పాటకి స్టెప్పులు నేర్పించేస్తే పిల్లలు చక్కగానే చేస్తారు, కానీ ఆ స్టెప్పు అక్కడే ఎందుకు పడింది, ఆ పిల్ల ఎడమ పక్క నుంచే ఎందుకు వచ్చింది అంటే చెప్పలేరు. ఆ ఆలోచించే పని కూడా వాళ్లకే దక్కాలని నా పట్టుదల, అందుకే 8, 9 క్లాసుల వాళ్లకి ఒక ఐటమ్ మొత్తం అప్పగించేశాం.

వాళ్లు ఎంచుకున్నది జడ కోలాటం. పైన కొక్కేనికి తాళ్లు కట్టి తలా ఒక తాడు పట్టుకుని కోలలు వేస్తూ తిరుగుతుంటే జడ అల్లుకుంటూ వస్తుంది కదా, మళ్లీ వచ్చిన దారినే తిరిగి వెళ్తే విడిపోతుంది. చూడ్డానికి సులువే. కంపోజ్ చేయడానికి కూర్చుంటే తెలుస్తుంది సంగతి! 12 మంది ఉంటే ఆరుగురు కుడికి, ఆరుగురు ఎడమకి తిరగాలి, ఎదురొచ్చిన ఒకళ్లని లోపలి నుంచి దాటితే తర్వాతి వాళ్లని బయటి నుంచి దాటాలి, ఒక్కరు తప్పు వైపు దూరినా చిక్కు పడిపోతుంది, ఇక విప్పడం కుదరదు. అందుకే ముందు గ్రౌండ్‌లో ముగ్గుపిండితో గీతలు గీసుకుని తాళ్లు లేకుండా నడిచారు, ఒక్కొక్కరి దారి ఒక్కో రంగు పెన్సిల్‌తో నోట్‌బుక్కులో వేసుకున్నారు, ఇప్పుడు కౌంట్లు కలుపుతున్నారు. జడ పెరిగేకొద్దీ తాడు పొట్టిదైపోయి చేతులు పైకి లేస్తాయి, కోల కొట్టడం కష్టమవుతుంది, కాబట్టి ఎక్కడ స్పీడ్ పెంచాలో ఎక్కడ ఆపి వెనక్కి తిరగాలో కూడా వాళ్లే తేల్చుకోవాలి.

శిల్పాలు చూసి డాన్స్ కంపోజ్ చేయొచ్చా మేడమ్ అని ఒక అమ్మాయి అడిగింది. నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు రామప్ప గుడి శిల్పాలు, కాకతీయుల కాలంలో జాయపసేనాని రాసిన నాట్యగ్రంథం నృత్తరత్నావళి ముందు పెట్టుకునే కదమ్మా మరుగున పడ్డ పేరిణి నృత్యానికి మళ్లీ ప్రాణం పోసింది అని చెప్పాను. ఆ రోజు నుంచి ఎంట్రీలో నిలబడే పోజుల కోసం రామప్ప ఫొటోలు వెతుకుతున్నారు, నాకు భలే సంతోషంగా ఉంది.

డాన్స్ చేయనివాళ్లు ఖాళీగా లేరండి. ఒకరు క్యూ షీట్ రాస్తున్నారు, ఏ కౌంట్‌కి లైట్, ఎప్పుడు కర్టెన్ అని. ఒక్కరు ఆబ్సెంట్ అయినా ఒక తాడు ఖాళీగా వేలాడి జడ చెడిపోతుంది కాబట్టి ఇంకో ఇద్దరు అందరి స్థానాలూ నేర్చుకుంటున్నారు, నా లెక్కలో అన్నిటికంటే కష్టమైన పని వాళ్లదే. కొక్కెం ఎంత బరువు ఆగుతుందో పీఈటీ సార్, వడ్రంగి చూసుకుంటారు, అది పిల్లలకి వదల్లేదు.

మీ నుంచి కావాల్సింది, శనివారం రిహార్సల్ సాయంత్రం ఐదున్నర దాకా ఉంటుంది, మధ్యలో తీసుకెళ్లకండి. కొత్త కాస్ట్యూమ్స్ కొనొద్దు, ఇంట్లో ఉన్న పాత కాటన్ పంచెలు, ఓణీలు చాలు, ఏ రంగో పిల్లలే చెప్తారు. యూట్యూబ్‌లో వీడియో చూపించి ఇలాగే చెయ్యి అని మాత్రం దయచేసి అనకండి. మీ ఇంట్లో అమ్మమ్మకో తాతయ్యకో కోలాటం కోపులు, అంటే అడుగుల వరసలు, వచ్చుంటే శనివారం స్కూల్‌కి రమ్మనండి, ఆఫీసులో పేరు ఇవ్వండి, టైమ్ ఎప్పుడో పిల్లలే ఫోన్ చేసి చెప్తారు.

మీ హెడ్‌మిస్ట్రెస్