గీకే రోజులు పోయాయి, గీత మాత్రం మిగిలింది

సంపాదకులు గారికి,

నమస్కారం. బ్యాంకు ఖాతాలోంచి డబ్బు పోయిన వార్త ఏదైనా సరే, శీర్షికలో ఒకటే మాట కనిపిస్తోంది: "కార్డు క్లోనింగ్ చేసి గీకేశారు". లోపలికి వెళ్లి చదివితే ఒకదాంట్లో బాధితుడు ఫోన్లో ఓటీపీ చెప్పి ఉంటాడు. ఇంకోదాంట్లో ఏటీఎం దగ్గర సాయం చేస్తానని వచ్చినవాడు కార్డు మార్చేసి ఉంటాడు. మూడోదాంట్లో ఏదో విదేశీ వెబ్‌సైట్‌లో కొనుగోలు జరిగి ఉంటుంది. ఈ మూడూ క్లోనింగ్ (కార్డుకు నకలు తీయడం) కావు, వీటిలో ఎవరూ ఏదీ గీకలేదు. మాటల తేడాయే కదా అని వదిలేయడానికి లేదు. పోయిన డబ్బు బ్యాంకు భరించాలా, ఖాతాదారు భరించాలా అన్నది దొంగతనం ఏ రకానిదో తేలితేగానీ తేలదు. పేపర్లో చూసిన మాటనే ఫిర్యాదులోనూ రాస్తే, "మీది చిప్ కార్డు, క్లోనింగ్‌కు ఆస్కారం లేదు" అన్న ఒక్క వాక్యంతో జవాబు చెప్పేయడం బ్యాంకుకు చాలా తేలిక.

అసలు గీకడమన్నది కార్డుల చరిత్రలో మధ్యలో వచ్చి మధ్యలోనే పోయిన పని. 1950లో న్యూయార్క్‌లో మొదలైన డైనర్స్ క్లబ్ కార్డు వట్టి అట్టముక్క. 1958 సెప్టెంబరులో బ్యాంక్ ఆఫ్ అమెరికా కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో పట్టణంలో, ఎవరూ అడగకపోయినా, సుమారు 60,000 కార్డులు పోస్టులో ఇళ్లకు పంపింది. బాకీలు ఎగ్గొట్టేవాళ్లు 4 శాతం ఉంటారని లెక్క వేసుకుంటే 22 శాతం దాకా తేలారు. ఆ కార్డే 1976లో వీసా అని పేరు మార్చుకుంది. (అడగని కార్డు అంటగట్టకూడదని మన రిజర్వ్ బ్యాంక్ 2022 ఆదేశాల్లో రాసింది.) మన దేశంలో 1980లో సెంట్రల్ బ్యాంక్, 1981లో ఆంధ్రా బ్యాంక్ క్రెడిట్ కార్డులు తెచ్చాయి. క్రెడిట్ కార్డంటే విదేశీ బ్యాంకులు మోసుకొచ్చిన సరుకని అనుకునేవాళ్లు, 1923లో బందరులో పుట్టిన మన బ్యాంకు ఆ పని అంత ముందే చేసిందని గుర్తుపెట్టుకోవాలి.

ఆ రోజుల్లో కార్డు మీద అంకెలు ఉబ్బెత్తుగా ఉండేవి, చూపు కోసం కాదు, అచ్చు పడటం కోసం. షాపులో ఇనుప పీట లాంటి చిన్న మిషన్ ఉండేది. అందులో కార్డు పెట్టి, పైన కార్బన్ స్లిప్పు పరిచి, పిడిని ఆ చివర నుంచి ఈ చివరకు లాగితే అంకెలు స్లిప్పు మీద పడేవి. ఒక కాపీ కొన్నవారికి, ఒకటి షాపుకు, ఒకటి బ్యాంకుకు. ఫలానా మొత్తం దాటితే ఫోన్ చేసి అనుమతి తీసుకోవాలి, దాటకపోతే పోయిన కార్డుల జాబితా పుస్తకంలో నంబరు లేదని చూసుకుంటే చాలు. తిప్పలు రెండు రకాలు. చెత్తబుట్టలో పడ్డ కార్బన్ ముక్కను వెలుతురుకు పెడితే నంబరంతా కనిపించేది. పిడి నెమ్మదిగా లాగితే 3 కాస్తా 8లా, 1 కాస్తా 7లా పడేది. ఈ రెండో తిప్పలు ఇప్పటికీ పనికొస్తున్న ఒక ఏర్పాటుతో తగ్గాయి. కార్డు నంబరులో చివరి అంకె ఖాతా నంబరు కాదు, మిగతా అంకెలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసే కాపలా అంకె. ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ 1954లో దీనికి పేటెంట్ దరఖాస్తు పెట్టారు. 16 అంకెల కార్డులో ఎడమ నుంచి 1, 3, 5 ఇలా బేసి స్థానాల్లోని అంకెల్ని రెట్టింపు చేయాలి, రెట్టింపు 9 దాటితే అందులోంచి 9 తీసేయాలి, అన్నీ కలపాలి. మొత్తం పదితో నిశ్శేషంగా భాగం పోతే నంబరు కుదిరినట్టు. సాఫ్ట్‌వేర్ వాళ్లు పరీక్షకు వాడే 4111 1111 1111 1111 తీసుకోండి: మొదటి 4 రెట్టింపు 8, బేసి స్థానాల్లోని ఏడు ఒకట్లు రెట్టింపై 14, సరి స్థానాల్లోని ఎనిమిది ఒకట్లు 8, మొత్తం 30. ఒక్క అంకె తప్పు పడినా ఈ లెక్క చెడుతుంది.

నంబరు సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. "మీ కార్డు నంబరు ఈ ఆరు అంకెలతో మొదలవుతుంది కదా, మేం బ్యాంకు నుంచే" అని మోసగాళ్లు నమ్మబలుకుతారు. ఆ మొదటి ఆరు అంకెలు ఆ బ్యాంకు ఇచ్చిన ఆ రకం కార్డులన్నిటికీ ఒకటే. వాటిని చెప్పడానికి బ్యాంకులో పనిచేయాల్సిన అవసరం లేదు.

ఇక గీకడం. 1960ల మొదట్లో ఐబీఎం ఇంజినీరు ఫారెస్ట్ పారీ ప్లాస్టిక్ ముక్క మీద అయస్కాంత టేపు అతికించడానికి తంటాలు పడుతుంటే, ఇస్త్రీపెట్టెతో నొక్కి చూడమని భార్య సలహా ఇచ్చిందని ఆ కంపెనీ చెప్పుకుంటుంది. అదే కార్డు వెనక ఉండే నల్ల గీత. చెల్లింపులకు వాడే రెండో ట్రాక్‌లో పట్టేది మొత్తం 40 అక్షరాలు: కార్డు నంబరు, గడువు తీరే సంవత్సరం, నెల, మూడంకెల సర్వీస్ కోడ్, దాని తర్వాత బ్యాంకు రాసుకునే సరిచూపు అంకెలు. అందులో రహస్యమంటూ ఏమీ లేదు. ప్రతిసారీ అవే 40 అక్షరాలు, పాత క్యాసెట్టు పాట లాగా. ఒకసారి చదివిన మిషన్ దాన్ని ఇంకో ఖాళీ కార్డు మీద ఎక్కించగలదు. క్లోనింగ్ అంటే ఇదీ. ఏటీఎంలో కార్డు దూర్చే మూతికి తొడిగిన నకిలీ మూతి గీతను చదివేది, పైన అతికించిన చిన్న కెమెరా పిన్‌ను చూసేది.

ఈ క్లోనింగ్ మోసాలు జరిగే రోజులకే ఏ బ్యాంకు కార్డయినా ఏ బ్యాంకు ఏటీఎంలోనైనా పనిచేస్తోంది. ఆ సౌకర్యానికి మూలమైన నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్ 2004లో మన హైదరాబాద్‌లోనే, మాసబ్ ట్యాంక్‌లోని రిజర్వ్ బ్యాంక్ పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీలో మొదలైంది. 2009 చివర్లో అది బ్యాంకుల ఉమ్మడి చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐ చేతికి వెళ్లింది. ఇబ్బంది ఆ స్విచ్‌లో లేదు, కార్డు వెనక గీతలో ఉంది.

చిప్ వచ్చాక కథ మారింది. ఫ్రాన్స్‌లో రోలాండ్ మొరెనో 1974లో పేటెంట్ దరఖాస్తు పెట్టిన ఈ ఆలోచనను ఆ దేశపు బ్యాంకులు 1992కల్లా తమ కార్డులన్నిటికీ పట్టించాయి. మన దగ్గర వట్టి గీత కార్డులకు రిజర్వ్ బ్యాంక్ పెట్టిన గడువు 2018 డిసెంబరు 31. పైకి కనిపించే బంగారు రంగు పలక చిప్ కాదు, అది కరెంటు అందుకునే రేకు. చిప్ దాని కింద ఉంటుంది. కార్డు లోపల పెట్టగానే మిషన్ ఆ లావాదేవీ ఎన్ని రూపాయలో ఆ అంకెను, తేదీని, అప్పటికప్పుడు పుట్టించిన ఒక సంఖ్యను చిప్‌కు ఇస్తుంది. చిప్ తన లోపలి తాళంచెవి (రహస్య సంఖ్య)తో వాటిని కలిపి ఒక ముద్ర తయారుచేస్తుంది, తన కౌంటర్‌లో ఒక అంకె పెంచుకుంటుంది. తాళంచెవి మాత్రం చిప్ దాటి బయటికి రాదు. ఒకరు ఈ సంభాషణ అంతా విని రాసుకున్నా, రెండోసారి అదే ముద్ర పంపితే బ్యాంకు ఒప్పుకోదు. అందుకే ఇప్పుడు ఏటీఎం పని ముగిసేదాకా కార్డును లోపల పట్టి ఉంచుతుంది. ఇది చిప్‌తో మాట్లాడుతున్న సమయం, మిషన్ మింగేసిందని కంగారుపడి లాగక్కర్లేదు.

మరి గీతను కాపీ చేసి షాపులో గీకితే? సర్వీస్ కోడ్‌లో మొదటి అంకె 2 గానీ 6 గానీ ఉంటే "ఈ కార్డుకు చిప్ ఉంది" అని అర్థం. మిషన్ గీకనివ్వదు, చిప్ పెట్టమంటుంది. ఆ 2ను దొంగ 1గా మార్చినా లాభం లేదు. సరిచూపు అంకెలు కార్డు నంబరు, గడువు, సర్వీస్ కోడ్ మూడూ కలిపి లెక్కకట్టినవి కాబట్టి బ్యాంకు దగ్గర పొంతన కుదరదు. కార్డు వెనక అచ్చేసిన సీవీవీ వేరు, గీతలోది వేరు, చిప్‌లోది వేరు. ఒకటి దొరికితే మిగతా రెండూ దొరికినట్టు కాదు. చిప్ చదివే మిషన్లలో మిగిలిన సందు ఒకటే: చిప్ పాడైనట్టు నటించి, మిషన్ రెండు మూడుసార్లు విఫలమయ్యాక గీకడం. దాన్ని ఒప్పుకోవాలా వద్దా అన్నది కార్డు ఇచ్చిన బ్యాంకు ఇష్టం. (నిజంగానే చిప్ చదవకపోతే మెత్తటి పొడిగుడ్డతో పలకను తుడిచి చూడండి. ప్యాంటు వెనక జేబులో పెట్టుకుని కూర్చుంటే వంగి లోపలి అతుకు ఊడుతుంది. దానికి తుడుపు మందు కాదు, కొత్త కార్డే.)

బస్సులో పక్కన నిలబడి జేబులో కార్డు నుంచి డబ్బు లాగేస్తారన్న వాట్సాప్ వీడియోల సంగతీ ఇంతే. తాకించి చెల్లించేది కూడా చిప్పే, దూరం నాలుగు సెంటీమీటర్లకు మించదు, పిన్ లేకుండా పోయేది ఒక్కో లావాదేవీకి 5,000 రూపాయల వరకే, ఆ డబ్బు చేరడానికి దొంగకు పేరూ ఊరూ ఉన్న వ్యాపారి ఖాతా కావాలి. అయినా భయమనిపిస్తే యాప్‌లో ఆ మీట కట్టేసుకోవచ్చు.

ఇప్పుడు వార్తల సంగతికి వస్తాను. 2017 జులై 6న రిజర్వ్ బ్యాంక్ ఇచ్చిన ఆదేశం ప్రకారం, తప్పు బ్యాంకుదైతే ఖాతాదారుకు బాధ్యత సున్నా. తప్పు ఇద్దరిదీ కాక మధ్యలో ఇంకెక్కడో జరిగితే, మెసేజ్ వచ్చిన రోజు వదిలేసి మూడు పనిదినాల్లోపు చెబితే అప్పుడూ సున్నానే. నాలుగు నుంచి ఏడు పనిదినాలైతే మామూలు సేవింగ్స్ ఖాతాదారు గరిష్ఠంగా 10,000 రూపాయలు భరించాలి. ఏడు దాటితే ఆ బ్యాంకు బోర్డు విధానం ఎలా ఉంటే అలా. చెప్పిన పదో పనిదినంలోగా ఆ మొత్తాన్ని ఖాతాలో తాత్కాలికంగా జమ చేయాలి, 90 రోజుల్లో తేల్చాలి. తప్పు ఖాతాదారుదని రుజువు చేసే భారం బ్యాంకుదే. పిన్, ఓటీపీ ఖాతాదారే ఇచ్చి ఉంటే మాత్రం బ్యాంకుకు చెప్పేదాకా పోయింది అతనిదే, చెప్పిన తర్వాత పోయింది బ్యాంకుది. అందుకే ముందు కార్డు బ్లాక్ చేసి ఫిర్యాదు నంబరు, సమయం రాసుకోవాలి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. స్టేషన్ చుట్టూ తిరగడం ఆ తర్వాత.

కాబట్టి మీ విలేకరులు నాలుగు విషయాలు అడిగి రాస్తే పాఠకుడికి ఎంతో మేలు. అప్పుడు కార్డు ఎవరి దగ్గర ఉంది? డబ్బు ఏటీఎంలో పోయిందా, షాపులోనా, ఆన్‌లైన్‌లోనా (స్టేట్‌మెంట్‌లో ఆ లావాదేవీ పక్కన రాసి ఉంటుంది)? ఓటీపీ వచ్చిందా, ఎవరికైనా చెప్పారా? బ్యాంకుకు చెప్పింది ఎప్పుడు? విదేశీ సైటులో ఓటీపీ లేకుండా పోయిన డబ్బుకూ, ఫోన్లో ఓటీపీ చెప్పి పోగొట్టుకున్న డబ్బుకూ ఒకే శీర్షిక పెడితే మొదటివాడి హక్కు మరుగున పడుతుంది.

బ్యాంకులకూ ఒక మనవి. విదేశాల్లో చిప్ చదవని మిషన్లు ఇంకా ఉన్నాయన్న సాకు తప్ప మన కార్డు వెనక ఆ నల్ల గీతకు పనిలేదు. 2029 నాటికి కొత్త కార్డుల మీద గీత వేయడం మానేస్తామని, 2033 నాటికి గీత ఉన్న కార్డే ఉండదని మాస్టర్‌కార్డ్ 2021లోనే ప్రకటించింది. ఊరు దాటని పింఛనుదారుకు, ఉపాధి కూలీల ఖాతాకు అంతదాకా ఆగడం ఎందుకు? గీత లేని కార్డు కోరినవారికి ఇప్పుడే ఇవ్వవచ్చు. అది వచ్చేలోపు, 2020 మార్చి 16కు ముందు తీసుకున్న కార్డును ఇప్పటికీ వాడుతున్నవారు యాప్ తెరిచి విదేశీ లావాదేవీల మీట ఏ స్థితిలో ఉందో చూసుకోవాలి. ఆ తేదీ తర్వాత ఇచ్చిన కార్డులకు అది ముందే కట్టేసి వస్తుంది, పాత వాటిలో అది తెరిచి ఉందేమో మనమే చూసుకోవాలి. యాప్ లేనివారు శాఖలో ఒక కాగితం రాసిచ్చి రసీదు తీసుకుంటే చాలు.

ఇట్లు,
కార్డుల విభాగంలో పనిచేసి రిటైరైన బ్యాంకు ఉద్యోగి,
కాకినాడ