కమ్చట్కా గారికి

హల్, ఇంగ్లాండ్
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ సూరీ,

తిట్టేవేవో ముందే తిట్టేసి అప్పుడు చదువు. వచ్చి మూడు నెలలైంది, నీకు ఒక్క ముక్క రాయలేదు, తప్పే. రెండుసార్లు మొదలుపెట్టాను. మొదటిది మూడు పేజీలూ చలి గురించే అయింది, నాకే విసుగేసి చింపేశాను. రెండోదాన్ని మనవడు పడవ చేసి స్నానాల తొట్టిలో వదిలాడు. ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. నీకు ఫోన్లో కథ చెప్పగలిగినవాడు ఇంకా పుట్టలేదు. నేను నోరు తెరవగానే "ఆగాగు, ముందు ఇది విను" అంటావు, గంట తర్వాత నేను "సరే ఉంటా" అంటాను. ఈ సంగతికి మాత్రం నువ్వు అడ్డం రాకూడదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. అక్కడ ఎంత అరిచినా నాకు వినపడదు.

ఇంట్లో అందరం బాగున్నాం. అమ్మాయికి నైట్ డ్యూటీలు, అల్లుడికి రైలు ప్రయాణాలు, మీ చెల్లెలికి మోకాళ్లు. గోంగూర దొరుకుతోంది గానీ పులుపు లేదు. చెల్లెమ్మకి షుగర్ అదుపులోకి వచ్చిందా? కబుర్లు అయిపోయాయి. ఇక అసలు సంగతి.

పది రోజుల కింద చేపల కోసం హెసిల్ రోడ్డు వైపు వెళ్లాను. ఒకప్పుడు ఇది పూర్తిగా జాలరిపేట. ఇంటికొకడు సముద్రం మీద ఉండేవాడట, మన ఫిషింగ్ హార్బర్ వెనక వీధుల్లాగే. అక్కడ రోడ్డు పక్కన చెయ్యి పైకెత్తి నిలబడ్డ జాలరి విగ్రహం ఒకటుంది. నా సంగతి తెలుసుగా, విగ్రహం కింద అక్షరాలుంటే చదవకుండా కదలను. 1904 అక్టోబరు 22న, ఉత్తర సముద్రంలో, రష్యా బాల్టిక్ నౌకాదళం చేసిన పనికి ప్రాణాలు పోగొట్టుకున్న జాలర్ల జ్ఞాపకార్థం అని ఉంది. ఒకటికి రెండుసార్లు చదివాను. 1904లో రష్యా యుద్ధం చేస్తున్నది జపాన్‌తో కదరా! హల్ జాలర్లతో దానికేం పని? చేపలు కొనడం మర్చిపోయి ఇంటికొచ్చాను. మీ చెల్లెలు ఏమందో రాయను. ఆ రోజు నుంచి లైబ్రరీలోనే కాపురం.

మొదట్నుంచి చెప్తాను, ఓపిక పట్టు. 1904 ఫిబ్రవరిలో జపాన్, చైనా తీరంలో రష్యా చేతిలో ఉన్న పోర్ట్ ఆర్థర్ రేవు మీద పడింది. అక్కడి రష్యా ఓడలు రేవులో ఇరుక్కుపోయాయి. వాటిని విడిపించడానికి జార్ నికోలస్ తన బాల్టిక్ ఓడల్ని పంపించాడు. ఎక్కడి బాల్టిక్, ఎక్కడి జపాన్! పద్దెనిమిది వేల నాటికల్ మైళ్లు, అంటే మన లెక్కలో 33,000 కిలోమీటర్ల పైమాట. దారి పొడుగునా ఆగడానికి సొంత రేవు ఒక్కటి లేదు. బొగ్గు అంతా జర్మన్ ఓడల నుంచి కొనుక్కుంటూ పోవాలి. నడిపే దొర పేరు రొజెస్ట్‌వెన్‌స్కీ. రాయగలిగాను గానీ పలకడం నా వల్ల కాదు, కనక ఇకనుంచి ఆయన రోషం దొరగారు. పేరుకి తగ్గ మనిషే. కోపమొస్తే చేతిలో బైనాక్యులర్స్‌ని సముద్రంలోకి విసిరేసేవాడని చెబుతారు.

ఓడలు అక్టోబరు నడిమిలో లిబావ్ రేవు వదిలాయి. బయల్దేరక ముందే పుకార్లు. జపాన్ టార్పెడో బోట్లు ఐరోపాకి వచ్చేశాయి, డెన్మార్క్ దగ్గర కాచుకుని ఉన్నాయి, ఇలా. ఆ చిన్న బోట్లు సగం ప్రపంచం చుట్టి ఎలా వస్తాయి, బొగ్గు ఎక్కడ పోసుకుంటాయి అని ఒక్కడూ ఆలోచించలేదు. భయానికి లెక్కలు రావు కదా.

ఇక్కడ నువ్వు రంగం మీదకి వస్తున్నావు.

ఆ దండులో కమ్చట్కా అని ఒక ఓడ ఉంది. మిగతా ఓడలకి మరమ్మతులు చేయడం దాని పని. అక్టోబరు 21న ఆ మరమ్మతుల ఓడకే రిపేరొచ్చి వెనకబడిపోయింది! నవ్వకు, ఇంకా ఉంది. చీకటి పడింది, చుట్టూ ఎవరూ లేరు, ఒంటరిగా ఉంది. రాత్రి ఎనిమిదింటికి వైర్‌లెస్‌లో మొత్తుకుంది, అన్ని వైపుల నుంచీ టార్పెడో బోట్లు చుట్టుముట్టేశాయని. నిజానికి అది కాల్పులు జరిపింది స్వీడన్ వాళ్ల సరుకుల ఓడ మీద. జపాన్ వాడు ఆ దరిదాపుల్లో లేడు. ఇది చదువుతుంటే లైబ్రరీలో పైకే నవ్వేశాను, పక్కనున్న ముసలామె కళ్లజోడు మీదుగా చూసింది. అరకు క్యాంపులో రాత్రి రెండింటికి విజిల్ ఊదినదెవరో, తెల్లారాక కంచె అవతల పేడ చూసి మారుమాట్లాడకుండా టీ తాగినదెవరో నేను చెప్పక్కర్లేదు. ఒరేయ్, ఇన్నాళ్లూ నిన్ను కెప్టెన్ అని పిలిచి తప్పు చేశాను. నువ్వు కమ్చట్కావి.

నవ్వు అక్కడితో సరి. దొరగారు ఆ వైర్‌లెస్ నమ్మి లెక్క వేశాడు. కమ్చట్కా ఇంత వెనక ఉంది, ఆ బోట్ల వేగం ఇంత, కాబట్టి అర్ధరాత్రి దాటి ఒంటిగంటకి మన మీద పడతాయి, అందరూ మేలుకుని ఉండండి అని హెచ్చరించాడు. ఇప్పుడు ఆలోచించు. చీకట్లో నిలబడి ఒంటిగంటకి దెయ్యం వస్తుందని ఎదురుచూసేవాడికి ఒంటిగంటకి ఏం కనిపిస్తుంది?

సరిగ్గా ఆ వేళకి వాళ్లు డాగర్ బ్యాంక్ అనే లోతు తక్కువ మేట మీదకి వచ్చారు. చేపలు పుష్కలం. హల్ ట్రాలర్లు గుంపుగా వలలు వేసుకుని ఉన్నాయి. అన్నీ ఒకే వైపు లాగాలిగా, అందుకని గుంపు పెద్ద ఒక రాకెట్టు వదిలి చెబుతాడు, వలలు ఫలానా పక్కకి తిప్పండి అని. ఆ రాత్రి ఆకుపచ్చ రాకెట్టు వదిలాడు. పాపం, రోజూ వదిలేదే. రష్యా వాళ్లకి మాత్రం అది దాడికి సైగలా కనపడింది. సెర్చ్ లైట్లు వెలిగాయి, ఫిరంగులు మోగాయి.

జాలర్లు మొదట పారిపోలేదట. ఇంగ్లండ్ నౌకాదళం వాళ్ల విన్యాసాలేమో అనుకుని డెక్ మీద నిలబడి చూశారు. గుళ్లు మీద పడ్డాక, మేము జాలర్లం మహప్రభో అని వెలుతురులోకి చేపలు ఎత్తి చూపించారని చెబుతారు. మన చందువలా బల్లపరుపుగా ఉండే చేప ఉంటుంది ఇక్కడ. అది చేత్తో ఎత్తి పట్టుకుని యుద్ధనౌకకి చూపిస్తున్న మనిషిని ఒకసారి ఊహించుకో. నాకు వారం నుంచి అదే కళ్లలో ఆడుతోంది.

పది పన్నెండు నిమిషాలు కొట్టారు. క్రేన్ అనే బోటు మునిగిపోయింది. దాని సరంగు జార్జ్ స్మిత్, ఇంకో జాలరి విలియం లెగెట్ అక్కడికక్కడే పోయారు. మినో అనే ఇంకో బోటు సరంగు ఆ దిగులుతోనే మరుసటి ఏడాది మే నెలలో పోయాడు. అతని పేరూ ఆ విగ్రహం కింద చెక్కారు.

రష్యా ఓడలు ఇంకోటి కూడా చేశాయి. దూరంగా కనపడ్డ రెండు ఓడల్ని శత్రువులనుకుని వాటి మీదా పేల్చాయి. అవి వాళ్ల సొంత అరోరా, ద్మిత్రీ దొన్‌స్కోయ్. అరోరాకి గుళ్లు తగిలాయి. అందులో ఉన్న ఫాదరీ, యుద్ధభూమికి వెళ్తున్నవాళ్లకి ప్రార్థన చెప్పడానికి వచ్చినవాడు, సొంతవాళ్ల గుండు తగిలి పోయాడు. శత్రువు ఇంకా భూగోళానికి అవతల ఉన్నాడు.

అందరికంటే నాకు ఒళ్లు మండించింది ఇది. కాల్పులు ఆపాక ఓడలు ఆగలేదు. గాయపడినవాళ్లని ఎక్కించుకోలేదు, ఒక పడవైనా దింపలేదు. ముందుకి వెళ్లిపోయాయి. ఆగితే టార్పెడో బోట్లు వస్తాయని భయం. లేని బోట్లకి భయపడి ఉన్న మనుషుల్ని వదిలేశారు.

(టీ తాగి వచ్చాను. ఎక్కడున్నాం?)

ఆ, ఇంగ్లండ్ మండిపోయింది. అక్టోబరు 21 అంటే ట్రఫాల్గర్ పండగ రోజు కదా, వాళ్ల అడ్మిరల్ నెల్సన్ సముద్ర యుద్ధంలో గెలిచి చనిపోయిన రోజు. దేశమంతా నౌకాదళం పేరు చెప్పి పొంగిపోయే నాటి రాత్రే వాళ్ల జాలర్ల మీద పడ్డారు. యుద్ధం అంచుదాకా వెళ్లింది. దొరగారి ఓడలు స్పెయిన్‌లో వీగో రేవులో ఆగాల్సి వచ్చింది, అక్కణ్నుంచి బయల్దేరాక ఇంగ్లండ్ క్రూయిజర్లు వెంటపడ్డాయి. చివరికి ప్యారిస్‌లో పంచాయతీ. అయిదుగురు అడ్మిరల్స్ కూర్చున్నారు, ఇంగ్లండ్, రష్యా, అమెరికా, ఫ్రాన్స్, ఆస్ట్రియా నుంచి తలా ఒకరు. 1905 ఫిబ్రవరిలో వాళ్ల తీర్పు ఏమిటో తెలుసా? అక్కడ టార్పెడో బోట్లు లేవు, కాబట్టి కాల్పులు సమర్థనీయం కాదు; అయినా దొరగారి సైనిక దక్షతకి గానీ మానవత్వానికి గానీ మచ్చ లేదు. మీ పెదనాన్న గారు రచ్చబండ మీద చెప్పిన ఆ కొబ్బరిచెట్టు తీర్పు గుర్తొచ్చిందా? అచ్చం అదే. చెట్టు వాడిది, కాయలు వీడివి, నీడ ఇద్దరిదీ. రష్యా 66,000 పౌండ్లు కట్టి బయటపడింది.

నువ్వు ఇప్పటికి రెండుసార్లు "మన ఘాజీ సంగతో" అని అరిచి ఉంటావు. తెలుసురా. ఆ పాకిస్తాన్ జలాంతర్గామి 1971 డిసెంబరులో మన వైజాగ్ రేవు ముందు మునిగింది, మన యుద్ధనౌక రాజ్‌పుత్ ముంచిందని మనవాళ్లు, ప్రమాదమని వాళ్లు. ఆ వాదన బీచ్‌లో బెంచీ మీద కూర్చుని మళ్లీ మొదటినుంచి పెట్టుకుందాం. నన్ను దారి తప్పించకు.

దొరగారి దండు వీగో నుంచి ఆఫ్రికా చుట్టి మడగాస్కర్ చేరారు. అంతలోనే పోర్ట్ ఆర్థర్ జపాన్ చేతికి పోయింది, 1905 జనవరి 2న. ఎవరిని విడిపించడానికి బయల్దేరారో వాళ్లే లేరు. ఏం చేయాలో తేల్చేసరికి రెండు నెలలు అక్కడే, నోసీబే రేవులో. ఎండ, జ్వరాలు, డెక్ మీదా గదుల్లోనూ బొగ్గు గుట్టలు, ఊపిరి తీస్తే బొగ్గు పొడి. నావికులు కోతుల్ని, చిలకల్ని కొనుక్కుని ఓడలెక్కించారు. గురి చూసి కొట్టే అభ్యాసం పెడితే, లక్ష్యాన్ని లాక్కెళ్తున్న ఓడకే గుండు తగిలిందంటారు. మొదట్లో ఇదంతా చదువుతూ పగలబడి నవ్వాను. నాలుగో రోజుకి నవ్వు రాలేదు. కుర్రాళ్లురా వాళ్లు, పల్లెల నుంచి లాక్కొచ్చినవాళ్లు చాలామంది. ముందుకెళ్తే ఏమవుతుందో వాళ్లకీ తెలుసు, దొరగారికీ తెలుసు. ఆయన్నీ మొదట అనుకున్నంతగా తిట్టలేకపోతున్నాను. ఆ రాత్రి జాలర్ల బోట్లని గుర్తుపట్టాక కాల్పులు ఆపించడానికి ఆయన చేయగలిగిందంతా చేశాడని ఆ అయిదుగురే రాశారు. తుపాకులకి వినపడలేదు, అంతే.

సరే, ఇప్పుడు నేను ఈ ఉత్తరం ఏ సంగతి కోసం మొదలుపెట్టానో అది. జాగ్రత్తగా చదువు.

1905 మే 27, తెల్లవారుజామున. జపాన్‌కీ కొరియాకీ మధ్య సుషిమా జలసంధి. పొగమంచు. రష్యా ఓడలు దీపాలార్పుకుని, దొంగల్లా, చప్పుడు లేకుండా జారిపోతున్నాయి. కానీ ఆసుపత్రి ఓడలు మాత్రం యుద్ధ నియమం ప్రకారం దీపాలు పెట్టుకునే ఉన్నాయి. రెండుముప్పావుకి షినానో మారు అనే జపాన్ గస్తీ ఓడ ఆ దీపాల్లో ఒకటి చూసి దగ్గరికొచ్చింది. అది ఒర్యోల్ అనే ఆసుపత్రి ఓడ. ఒర్యోల్ ఏం చేసిందో చెప్పు చూద్దాం?

మనవాళ్లే అనుకుంది! ఎదురుగా ఉన్నది జపాన్ ఓడ, సాక్షాత్తూ జపాన్ ఓడ, ఏడు నెలలుగా కలల్లో భయపెట్టినవాడు ఇన్నాళ్లకి నిజంగా వచ్చి ముందు నిలబడ్డాడు. దాన్ని తమ దండులో ఓడే అనుకుని, దొరగారికి కబురు పెట్టకపోగా, ఇక్కడ మనవాళ్లు ఇంకా ఉన్నారని ఆ జపాన్ వాడికే సిగ్నల్ ఇచ్చింది. షినానో మారు వైర్‌లెస్ కొట్టింది. జపాన్ దళాన్ని నడిపే టోగో దొర ఓడలు లంగరెత్తాయి.

డాగర్ బ్యాంక్‌లో చేపలు చూపించినవాడు జపాన్ వాడిలా కనపడ్డాడు. సుషిమాలో జపాన్ వాడు సొంతవాడిలా కనపడ్డాడు. ఇది చదివాక లైబ్రరీ నుంచి లేచి బయటికెళ్లి కాసేపు వర్షంలో నిలబడ్డానురా. నీకు చెప్పకుండా ఉండలేకపోయాను.

రెండు రోజుల్లో అంతా అయిపోయింది. రష్యా వైపు దాదాపు 5,000 మంది పోయారు, జపాన్ వైపు 117 మంది. ఒస్ల్యాబ్యా అనే ఓడ మొదట మునిగింది. అందులో ఉండే అడ్మిరల్ ఫెల్కర్‌జామ్ అప్పటికి కొద్ది రోజుల ముందే జబ్బుతో చనిపోయాడు. దళం ధైర్యం పోతుందని ఎవరికీ చెప్పకుండా అతని జెండా ఎగరేసే ఉంచారు, అతను పెట్టెలో ఉన్నాడు. చచ్చిపోయిన అడ్మిరల్ జెండా కింద యుద్ధానికి దిగారు. కమ్చట్కా కూడా అక్కడే మునిగింది. ఈసారి ఆడిపోసుకోవడానికి లేదు, చుట్టుముట్టినవాళ్లు నిజంగానే ఉన్నారు.

దొరగారు తలకి దెబ్బ తగిలి బందీ అయ్యాడు. ఆసుపత్రిలో ఉంటే టోగో వచ్చి పలకరించాడు. సొంత గుళ్లు తిన్న అరోరా మాత్రం బతికి మనీలాకి చేరింది. 1917లో విప్లవం రాత్రి పెట్రోగ్రాడ్‌లో ఉత్త మందు పేల్చింది కూడా అదే, ఇప్పటికీ పీటర్స్‌బర్గ్‌లో మన కుర్సురాలాగా మ్యూజియం అయి

అయ్యో, కింద హారన్ కొడుతున్నాడు. అల్లుడి స్నేహితుడు, రేపు హైదరాబాద్ ఫ్లైట్, అక్కణ్నుంచి వైజాగ్ వస్తున్నాడు, వాడి చేతికే ఈ కవరు. బుట్టలో చాక్లెట్లు పిల్లలకి, షుగర్ లేనివి చెల్లెమ్మకి, నీకేం లేవు. వాడికి కాఫీ ఇవ్వు, విజిల్ కథ చెప్పకు, నేనే చెప్పాలి. టాంజియర్‌లో లంగరు ఎత్తుతూ సముద్రం అడుగున టెలిగ్రాఫ్ తీగ తెంపేశారు, అది రాయనే లేదు, అసలు ఆ తీగ ఎలా చిక్కిందంటే… మళ్లీ కొట్టాడు. ఉంటా.

రాజు