నీ జుట్టు గురించి, ఆ కార్పెట్ గురించి

ఒంగోలు,
ఆదివారం రాత్రి

చిన్నోడా,

యేసు నామంలో ఆశీస్సులు. మేమిద్దరం బాగున్నాం. అమ్మకు మోకాలి నొప్పి కాస్త తగ్గింది, మెట్లు ఎక్కగలుగుతోంది.

నాన్నకు చెప్పొద్దని నువ్వన్న సంగతి అమ్మ నాకు చెప్పేసింది. ఆమె మీద కోప్పడకు. మీ ఆఫీసు స్నేహితుడితో కలిసి అక్కడ కాలిఫోర్నియాలో, కాస్టా మెసా ఊళ్లో చర్చికి వెళ్లావట. వెనక వరసలో కూర్చున్నావట. నిక్కర్లు వేసుకుని వచ్చినవాళ్లను కూడా ఎవరూ ఏమీ అనలేదని చెప్పావట. తొమ్మిదేళ్ల తర్వాత నీ అంతట నువ్వు చర్చి గడప తొక్కావు. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారి అమ్మను అడిగి ఆ చర్చి పేరు రాసుకున్నాను. కల్వరి చాపెల్. మూడు వారాలుగా దాని గురించే చదువుతున్నాను. చదివిన కొద్దీ నీకు ఒక మాట చెప్పాలనిపించింది. ఫోన్‌లో నోరు పెగలదు, అందుకే రాస్తున్నాను.

నువ్వు కూర్చున్న ఆ సంఘం చరిత్ర, అక్కడ పెరిగిన జీసస్ ఉద్యమం చరిత్ర నీకెవరైనా చెప్పారో లేదో. 1965 చివర్లో చక్ స్మిత్ అనే పాస్టర్ అక్కడికి వచ్చేసరికి ఉన్నది పాతికమంది. ఆయనకు అప్పటికి నలభై ఏళ్లు దగ్గరపడుతున్నాయి. పద్ధతిగా ఉండే మనిషి. బయట దేశం మాత్రం అల్లకల్లోలంగా ఉంది. వియత్నాం యుద్ధానికి కుర్రాళ్లను బలవంతంగా తీసుకెళ్తున్నారు. 1968లో రెండు నెలల తేడాతో మార్టిన్ లూథర్ కింగ్‌ను, రాబర్ట్ కెనడీని కాల్చి చంపారు. అంతకు ముందు ఏడాది ఎండాకాలంలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని హైట్ ఆష్‌బరీ అనే పేటకు ఇళ్లు వదిలి వచ్చిన పిల్లలు దాదాపు లక్ష మంది అంటారు. ప్రేమ, శాంతి అని వచ్చినవాళ్లలో చాలామందికి చివరికి మిగిలింది ఆకలి, మత్తుమందు, సుఖరోగాలు. వాళ్లనే హిప్పీలన్నారు. మా చిన్నప్పుడు ఇక్కడ కూడా కాస్త జుట్టు పెంచినవాణ్ణి హిప్పీ అనే తిట్టేవాళ్లు. ఆ తిట్టు నీ మీద నేనూ వాడాను. గుర్తుంది కదా.

ఆ పేటలోనే 1967లో కొందరు హిప్పీలు యేసును నమ్ముకుని, ఒక దుకాణపు గది అద్దెకు తీసుకున్నారు. దానికి లివింగ్ రూమ్ అని పేరు పెట్టారు. వచ్చినవాళ్లకు తిండి పెట్టడం, వాక్యం చెప్పడం, అంతే వాళ్ల పని. జుట్టు కత్తిరించుకోలేదు, బట్టలు మార్చుకోలేదు. ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందు మానేశారు గానీ మాట తీరు మానలేదు. వాళ్లతో తిరిగిన కుర్రాడే లానీ ఫ్రిస్బీ. పుట్టింది 1949లో. పొడుగు జుట్టు, గడ్డం. అతని ఫోటో చూసి అమ్మ ఏమందో తెలుసా? మన సండే స్కూల్ క్యాలెండర్ మీద బొమ్మలా ఉన్నాడంది.

చక్ స్మిత్ గారికి మొదట్లో హిప్పీలంటే గిట్టలేదు. స్నానం చేసి ఏదైనా పని చూసుకోవచ్చు కదా అనుకునేవాడట. భార్య కే మాత్రం బీచ్ దగ్గర ఆ పిల్లల్ని చూసి ఏడ్చేది, వాళ్ల కోసం ప్రార్థన చేసేది. 1968లో ఒకరోజు వాళ్ల కూతురి స్నేహితుడు దారిలో లిఫ్ట్ అడుగుతున్న లానీని కారెక్కించుకుని నేరుగా ఇంటికి తీసుకొచ్చాడు. ఆ పాస్టర్ గారు తలుపు తీశారు. చిన్నోడా, ఇక్కడ చదవడం ఆపి చాలాసేపు కూర్చున్నాను.

ఆ తర్వాత హౌస్ ఆఫ్ మిరకల్స్ అని ఒక ఇల్లు తీసుకుని దిక్కులేని పిల్లల్ని అందులో పెట్టారు. లానీ బీచ్‌లకు వెళ్లి సాక్ష్యం చెప్పేవాడు, వాళ్లు గుంపులుగా చర్చికి వచ్చేవాళ్లు. చోటు చాలక చివరికి పెద్ద గుడారం వేశారు. మనకూ ఉజ్జీవ సభలంటే షామియానా, మైకు, మూడు రాత్రులు. వాళ్లకు ఆ గుడారం రెండేళ్లకు పైగా చర్చి అయింది. బాప్తిస్మాలు సముద్రంలో. కరోనా డెల్ మార్ దగ్గర పైరేట్స్ కోవ్ అనే చిన్న తీరం ఉంది, ఒక్కోసారి వందల మందికి ఇచ్చేవాళ్లు. మిగతావాళ్లు బండల మీద కూర్చుని పాడేవాళ్లు. నీ గదికి కారులో ఎంతో దూరం లేదనుకుంటాను.

1971 జూన్ 21న టైమ్ పత్రిక యేసు బొమ్మ ముఖచిత్రంగా వేసి ఈ సంగతే రాసింది. ఏడాది తిరిగేసరికి, 1972 జూన్‌లో డల్లాస్‌లో జరిగిన ఎక్స్‌ప్లో అనే క్రైస్తవ సభలకు దాదాపు 80,000 మంది వచ్చారు. ఎక్కువమంది విద్యార్థులే. పేరుమోసిన సువార్తికుడు బిల్లీ గ్రాహం గారు ప్రసంగించారు. ఒకే మార్గం అన్నట్టు చూపుడు వేలు పైకెత్తడం ఈ పిల్లలకు గుర్తు. ఎగతాళిగా జీసస్ ఫ్రీక్స్, అంటే యేసు పిచ్చోళ్లు అని పిలిస్తే ఆ పేరే సంతోషంగా పెట్టుకున్నారు.

కార్పెట్ సంగతి ఇప్పుడు చెప్తాను. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే.

చర్చిలో కొత్త కార్పెట్ వేశారు. పిల్లలేమో బీచ్ నుంచి వట్టి కాళ్లతో వస్తున్నారు, కాళ్లకు తారు, ఇసుక. ఒక ఆదివారం పాస్టర్ గారు వచ్చేసరికి తలుపు దగ్గర బోర్డు ఉంది: వట్టి కాళ్లతో లోపలికి రాకూడదని. సంఘ పెద్దల్లో ఎవరో పెట్టారు. ఆయన ఆ బోర్డు తీసేశారు. పెద్దల్ని కూర్చోబెట్టి, కార్పెట్ వల్ల ఒక్క పిల్లవాడు బయట ఆగిపోయే పనైతే కార్పెట్టే పీకేద్దాం, సిమెంటు నేల చాలు అన్నారు.

మనం చర్చిలోకి వెళ్లేటప్పుడు చెప్పులు బయట విడుస్తాం. వట్టి కాళ్లు మనకు మర్యాద. వాళ్లకు అదే అమర్యాద అయింది. ఇది చదివి మొదట నవ్వొచ్చింది. తర్వాత మా తాత గుర్తొచ్చాడు. ఆయన చెప్పులు కుట్టేవాడు. ఊరందరికీ ఆయన కుట్టిన చెప్పులే. పెద్దల వీధిలో నడిచేటప్పుడు మాత్రం తన చెప్పులు విప్పి చేత్తో పట్టుకోవాలి. మనం మాదిగలం, గుడి గడప సంగతి చెప్పక్కర్లేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ దగ్గర వెల్లంపల్లిలో ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని నీకు చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పానో. అది దాతు కరువు అనే పెద్ద కరువు అప్పుడే దాటిన కాలం. వీళ్లు కూటి కోసం వస్తున్నారన్న మాట అప్పుడూ ఉంది. అందుకే ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు కరువున్నంత కాలం బాప్తిస్మాలు ఆపి ఉంచారు. కానీ తలుపు శాశ్వతంగా మూసేయలేదు. ఆ నీళ్లలో దిగినవాళ్లలో మనవాళ్లున్నారు. మనం ఇవాళ ఇలా నిలబడి ఉన్నామంటే ఎవరో తలుపు తీయబట్టే.

అలాంటి ఇంట్లో పుట్టి నేనేం చేశాను? ఆ క్రిస్మస్ రోజు నువ్వు గిటార్ భుజానికి తగిలించుకుని వచ్చావు. జుట్టు మెడ దాటి ఉంది, చెవికి పోగు, మోకాళ్ల దగ్గర చిరిగిన జీన్స్. నేను సంఘ పెద్దను, తలుపు దగ్గర నిలబడి అందరికీ వందనాలు చెప్తున్నాను. నిన్ను చూడగానే నలుగురూ ఏమనుకుంటారోనని టెన్షన్ వచ్చేసింది. జుట్టు కత్తిరించుకుని రా, అప్పుడు వాయిద్దువుగానీ అన్నాను. అందరి ముందూ అన్నాను. నువ్వు ఒక్క మాట ఎదురు చెప్పలేదు. గిటార్ సంచీ జిప్పు పెట్టి వెళ్లిపోయావు. నేను లోపలికి వెళ్లి పాట పుస్తకం తెరిచాను. నువ్వు నేర్చుకున్న పాట ఆ రోజు ఎవరూ వాయించలేదు.

ఆ బోర్డు పెట్టిన సంఘ పెద్ద ఎవరో నేను చదివినవాటిలో ఎక్కడా లేదు. అతను చెడ్డవాడని నేననుకోను. కార్పెట్‌కు చందా వేసిన మనిషే అయ్యుంటాడు. అతను నాకు బాగా తెలిసినట్టే ఉంది.

తప్పు నాది, చిన్నోడా. నీ జుట్టుది కాదు, నీ వయసుది కాదు. తొమ్మిదేళ్లు ఆలస్యంగా చెప్తున్నాను. నన్ను క్షమించు.

ఇది చదివి ఆ ఉద్యమమంతా మంచిదేనని నాన్న తేల్చేశాడనుకోకు. అదే కాలంలో, అదే తీరంలో, హంటింగ్టన్ బీచ్‌లో డేవిడ్ బెర్గ్ అనేవాడు చిల్డ్రన్ ఆఫ్ గాడ్ అని మొదలుపెట్టాడు. వాళ్లూ యేసు పేరే చెప్పారు. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీశారు, ఆస్తులు రాయించుకున్నారు, తర్వాత తర్వాత చిన్నపిల్లల మీద జరిగిన ఘోరాలు బయటికొచ్చాయి. తమ పిల్లల్ని వెతుక్కుంటూ తల్లిదండ్రులు ఒక సంఘంగా ఏర్పడాల్సి వచ్చింది. అమ్మానాన్నలతో మాట్లాడొద్దని ఏ గుంపైనా చెప్తే అక్కడ ఒక్క నిమిషం కూడా ఉండకు. నా మీద ఎంత కోపమున్నా సరే. ఇక లోకం రేపో మాపో అంతమవుతుందని ఈ పిల్లల్లో చాలామంది గట్టిగా నమ్మారు. క్రీస్తు రెండో రాకడ కోసం కనిపెట్టుకుని ఉండమనే మనకూ బోధ. భయపెట్టి తొందరపెట్టే బోధ మాత్రం నాకు ఎక్కడున్నా మింగుడుపడదు.

లానీ సంగతి కూడా దాచను. అంతమందిని తీసుకొచ్చిన అతనికి ఆ సంఘాల్లో చోటు మిగల్లేదు. అతను మగవాళ్లతో సంబంధాలు పెట్టుకున్నాడని తెలిశాక సేవ నుంచి తప్పించారు. వాళ్లు చెప్పుకునే చరిత్రలో చాలాకాలం అతని పేరే వినపడలేదు. ఎయిడ్స్‌తో 1993 మార్చిలో చనిపోయాడు, 43 ఏళ్లకు. భూస్థాపన ఆరాధనలో చక్ స్మిత్ గారే మాట్లాడి, అతన్ని బైబిల్లోని సమ్సోనుతో, ఎంతో బలముండీ తన బలహీనత వల్ల పడిపోయిన మనిషితో పోల్చారట. వాక్యం విషయంలో నా నమ్మకం నీకు తెలుసు, అది మారలేదు. కానీ శవపేటిక ముందు కూడా ఒక మనిషి బలహీనతనే ముందు పెట్టి మాట్లాడాలా అనిపించింది. తలుపు తీసిన చేతులే అవి. ఆ తలుపు మళ్లీ ఎందుకు మూసుకుంది? నాకు జవాబు దొరకలేదు. నీకేమైనా తోస్తే రాయి.

పాటల సంగతి నీకు నచ్చుతుంది. లవ్ సాంగ్ అనే బ్యాండ్ కుర్రాళ్లు ఆ చర్చిలోనే వాయించేవాళ్లు. 1971లో మరనాథ మ్యూజిక్ అని వాళ్ల పాటలకు సంస్థ పెట్టారు. గిటార్, డ్రమ్స్‌తో ఆరాధన చేయడం అప్పటి పెద్దలకు అసలు నచ్చలేదు. ఇప్పుడు మన చర్చిలోనూ డ్రమ్స్ ఉన్నాయి, కీబోర్డు ఉంది. గిటార్ వాయించే అబ్బాయికి జుట్టు భుజాల దాకా ఉంది. మొన్న ఆదివారం అతని పక్కన నిలబడి పాడాను. అతనికి ఈ సంగతులేవీ తెలియవు.

నీ గిటార్ బీరువా మీదే ఉంది. తీగలు తుప్పు పట్టాయి. కర్నూలు రోడ్డులో ఒక షాపుకు తీసుకెళ్లి కొత్తవి వేయించాను. శ్రుతి చేయడం మాత్రం నా వల్ల కావడం లేదు.

వీలైతే ఒకసారి పైరేట్స్ కోవ్‌కు వెళ్లి రా. బండల మీద పాచి ఉంటుందేమో, చూసుకుని దిగు. ఫోటో పంపు. బుధవారం మన టైము ప్రకారం రాత్రి తొమ్మిదికి ఖాళీగా ఉంటాను. ఈసారి అమ్మ ఫోన్‌కు కాదు, నా నంబరుకు చెయ్యి.

నాన్న