ఆరూ పది అని గుర్తుపెట్టుకున్న పాలబ్బాయికి, ఇంకా అందరికీ

నిన్న సాయంత్రం నాన్న కాఫీ గ్లాసు కుడిచేత్తో తనే పట్టుకుని తాగారు. పదహారు రోజుల కిందట పక్షవాతం వచ్చి అదే చెయ్యి కుర్చీ పక్కన వేలాడుతూ ఉంది. ఈ హడావిడిలో సాయం చేసినవాళ్లెవరికీ సరిగ్గా థాంక్స్ చెప్పలేకపోయాను.

ఆ రోజు ఉదయం 6:45కి అమ్మ అరుపు విని వరండాలోకి పరిగెత్తాను. నాన్న మూతి వంకరపోయింది, మాట ముద్దగా వస్తోంది. ఎవరో మంచినీళ్లు తాగించమన్నారు, ఇంకెవరో పసరు మందు ఇచ్చే ఊరి పేరు చెప్పారు. పక్కింటి పిన్ని మాత్రం "నోట్లో ఏమీ పొయ్యొద్దు, ముందు ఆసుపత్రికి నడవండి" అని అందర్నీ కసిరింది. మింగడం పడిపోయినవాళ్లకి నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయని డాక్టరు తర్వాత చెప్పారు. పిన్నీ, నువ్వు అలా కసరబట్టే సరిపోయింది.

ఆటోలో గాజువాకలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లాం. అడ్వాన్సు కట్టమన్నారు. డబ్బు సర్దేసరికి అరగంట పోయింది, అప్పుడు పక్షవాతం చూసే డాక్టరు తమ దగ్గర లేరన్నారు. ఆ ముక్క ముందే చెప్పాల్సింది. 108 వాళ్లు వచ్చి నేరుగా విశాఖలోని ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి తీసుకెళ్లారు.

అక్కడ మొదటి ప్రశ్న: "ఈయన బాగున్నట్టు చివరిసారి ఎవరు చూశారు, ఎన్నింటికి?" మాకు తెలీదు. రాత్రి పదింటికి పడుకోవడమే చూశాం. ఆ లెక్కన అయితే రక్తం గడ్డని కరిగించే ఇంజెక్షన్‌కి వీల్లేదు. అది మామూలుగా మనిషి బాగున్నట్టు చివరిసారి చూసిన టైము నుంచి నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. పాలబ్బాయికి ఫోన్ చేశాను. "ఆరూ పదికి ప్యాకెట్లు నా చేతిలోంచే తీసుకున్నారన్నయ్యా. ఆదివారం చుట్టాలొస్తారు, రెండు ఎక్కువ వెయ్యమన్నారు" అన్నాడు. డాక్టరమ్మ ఫోన్ తీసుకుని తనే అతన్ని మళ్లీ అడిగారు. తమ్ముడూ, నువ్వు ఫోన్ ఎత్తకపోయుంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తోంది.

స్ట్రెచర్ తోసిన అన్న సీటీ స్కాన్ దాకా పరిగెత్తాడు. మెదడులో రక్తస్రావం లేదని తేలాకే మందు ఎక్కించారు, ఉంటే ఆ మందే ప్రాణం తీస్తుందట. బరువుని బట్టి డోసు లెక్కగట్టి, పదో వంతు ఒకేసారి, మిగతాది గంటసేపు. మొదలయ్యేసరికి 9:10. సిస్టర్ పదిహేను నిమిషాలకోసారి బీపీ చూస్తూ "చెయ్యెత్తండి తాతగారూ" అంటూనే ఉన్నారు. నాలుగోసారి వేళ్లు కదిలాయి. ఆ మందుకి మా దగ్గర రూపాయి తీసుకోలేదు.

పక్క మంచం మీద పాడేరు అవతలి కొండ ఊరాయన ఉండేవారు. నాన్న కంటే పదేళ్లు చిన్న. ఇదే జబ్బు, ఇదే కుడివైపు. ఊరికి రోడ్డు లేక డోలీ కట్టి మోసుకొచ్చారు, ఆపైన ఘాట్ రోడ్డు. ఇక్కడికి చేరేసరికి మర్నాడైంది. అదే వార్డు, అవే చేతులు చూశాయి, కానీ ఇంజెక్షన్ టైము ఎప్పుడో దాటిపోయింది. మా పక్కన డబ్బు లేక కాదు, దారి లేక ఒక మనిషి చెయ్యి పోయింది. ఇది నన్ను నిద్రపోనివ్వడం లేదు. కొండ మీద పుట్టినవాళ్లకి కూడా ఆ స్కాను, ఆ మందు నాలుగున్నర గంటల లోపు అందాలి. అందేలా చెయ్యగలిగినవాళ్లు ఇది చదువుతుంటే, దయచేసి పట్టించుకోండి.

ఆయన భార్య నాన్న చెయ్యి లేచినప్పుడల్లా తన సొంత మనిషి చెయ్యి లేచినట్టు సంబరపడేది. తెచ్చుకున్న అంబలి అమ్మకి కూడా పోసేది. అమ్మా, మీకు నమస్కారం.

శుక్రవారం చెకప్‌కి వెళ్తున్నాం. ముందు వార్డులోకి వెళ్లి ఆయన్ని చూడాలని నాన్న అంటున్నారు.