ఆ ఫోటోలో తిమింగలం

భీమిలి, ఏప్రిల్ 20

అమ్మలూ,

ఇక్కడ అందరం క్షేమం. వేట నిషేధం 15న మొదలైంది, జూన్ 14 దాకా బోటు ఒడ్డునే. మీ అమ్మ ఆవకాయ కలిపి నీ సీసా విడిగా తీసిపెట్టింది.

శాన్ డియేగోలో నువ్వు తీసిన గ్రే వేల్ ఫోటో వచ్చి మూడు వారాలైంది. ఆ తర్వాత మాటే లేదు. పనుంటుంది, తెలుసు. ఫోటో పెద్దది చేసి చూశాను. తలమీద తెల్లగా గుల్లలు, బార్నకిల్స్. రొయ్యలు, పీతల కోవలోవే, మన బోటు అడుగున పట్టేవాటికి చుట్టాలే. కాకపోతే బోటుకు పట్టేవి పైపైన అతుక్కుంటాయి. తిమింగలం చర్మం పైపొర ఎప్పటికప్పుడు రాలిపోతుంది కదా, అలా అతుక్కుంటే నిలవవు. అందుకే గుల్ల చర్మంలోకి దిగి పెరుగుతుంది. చర్మం కూడా గుల్ల సందుల్లోకి చొచ్చుకుపోయి, తనే దాన్ని పట్టుకున్నట్టు అయిపోతుంది. ఆ గుల్లలు తిమింగలాన్ని తినవు, నీళ్లలో కొట్టుకొచ్చేది తింటాయి. కానీ మోసేది అదే కదా తల్లీ.

నీ ఫ్లాట్‌లో ఇద్దరు అద్దె కట్టకుండా ఉంటున్నారని రాజు అన్నాడు. నిజమేనా? సరే, అది తర్వాత.

నీకు ఏడేళ్లప్పుడు, ఇలాగే బోటు ఇసుకలోకి లాగి తాత గుల్లలు గీకుతున్నాడు. నేనూ గీకుతానని ఉత్తచేత్తో ఒకటి పట్టుకుని లాగావు. అరచెయ్యి అడ్డంగా తెగింది. తాత తలగుడ్డ చింపి కట్టాడు, ముడి వేస్తుంటే ఆయన చేతులే వణికాయి. సైకిలు మీద డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంటే నువ్వు ఏడవలేదు. “నేను లాగితే దానికి నొప్పెట్టిందా నాన్నా?” అని దారంతా అదే అడిగావు. ఆ రాత్రి తాత అన్నం ముట్టలేదు. నువ్వు మాత్రం రెండుసార్లు పెట్టించుకున్నావు.

అప్పటికీ ఇప్పటికీ నీది అదే మొహమాటం. గ్రే వేల్ కుడివైపుకి ఒరిగి అడుగు బురదలో మేస్తుందట, ఆ ఒరిపిడికి కుడివైపు గుల్లలు తక్కువట. ఊడినచోట గుండ్రటి తెల్ల మచ్చ మిగులుతుంది. ఎవరినీ వెళ్లగొట్టమనడం లేదు. నెలనెలా ఎవరి వాటా వాళ్లు ఇవ్వాలని నోరు తెరిచి చెప్పు. డబ్బు చాలకపోతే నాకు చెప్పు, వాళ్లకోసం పస్తుండకు.

మచ్చ ఇంకా ఉందా? ఆదివారం పొద్దున ఫోన్ చెయ్యి, నీకు శనివారం రాత్రి. అన్నం తిన్నాకే చెయ్యి.

నాన్న