ఎనిమిదో తరగతి పిల్లల తల్లిదండ్రులకు: ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఎనిమిదో తరగతి అవగానే పేద పిల్లలు బడి మానేయకూడదని కేంద్ర ప్రభుత్వం 2008లో ఎన్‌ఎంఎంఎస్ (నేషనల్ మీన్స్ కమ్ మెరిట్) స్కాలర్‌షిప్ మొదలుపెట్టింది. ఎనిమిదిలో రాసే ఈ పరీక్షలో ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 రూపాయలు, నాలుగేళ్లకు 48,000. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ఏడో తరగతిలో 55 శాతం మార్కులు ఉండాలి, ఎస్సీ ఎస్టీ పిల్లలకు 50 చాలు.

పరీక్షలో శాట్, మ్యాట్ అని రెండు పేపర్లు, ఒక్కోదానిలో 90 ప్రశ్నలు, 90 నిమిషాలు. శాట్ అంటే ఏడు, ఎనిమిది తరగతుల పాఠాలే. ఇబ్బందంతా ఆలోచనా శక్తిని చూసే మ్యాట్‌తో, అది ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండదు. 3, 8, 15, 24 తర్వాత ఏమొస్తుంది? 4, 9, 16, 25ల్లోంచి ఒక్కొక్కటి తీసేశారని పట్టుకున్న పిల్ల అర నిమిషంలో 35 అంటుంది. ఫీజులు కట్టే బడుల్లో ఫౌండేషన్ క్లాసుల్లో ఇలాంటివి ముందునుంచే చేయిస్తారు. మన పిల్లలకు తక్కువైంది తెలివి కాదు, ఈ అలవాటే. తప్పుకు మార్కులు కోయరు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదలకూడదు. అయినా టైం చాలక చివరి గళ్లు ఖాళీగా వదిలేస్తుంటారు.

అందుకే రోజూ బడి అయ్యాక గంటసేపు మ్యాట్ చేయిస్తాం. శనివారం ఓఎంఆర్ షీటు (జవాబుల గళ్లు నింపే కాగితం) మీద, గడియారం పెట్టి పరీక్ష. మిమ్మల్ని అడిగేది ఒక్కటే: పత్తి ఏరే రోజుల్లోనే ఈ పరీక్ష దగ్గరపడుతుంది. కూలీలు దొరకరని మాకూ తెలుసు. అయినా ఆ కొన్ని వారాలు పిల్లను చేనుకు పిలవకండి.

పాసైన పిల్లలకు కూడా డబ్బు రాకపోవడానికి ఎక్కువసార్లు కారణం కాగితాలే. బడి రిజిస్టర్‌లో ఇంటిపేరుకు ఒక్క అక్షరం, ఆధార్‌లో పూర్తి పేరు ఉంటే వెరిఫికేషన్‌లో ఆగిపోతుంది. ఇప్పుడే రెండు చోట్లా పేరు ఒకేలా ఉండేట్టు చేయించండి. ఖాతా పిల్ల పేరునే ఉండాలి. బ్యాంకులో ఆధార్ జిరాక్స్ ఇచ్చి వస్తే సరిపోదు, 'ఎన్‌పీసీఐ సీడింగ్ అయిందా?' అని, అంటే ఆధార్ మీద వచ్చే ప్రభుత్వ డబ్బు ఈ ఖాతాలోనే పడేలా కలిపారా అని అడగండి. డబ్బు పడేది దాన్నిబట్టే. ఆదాయ ధ్రువపత్రానికి మీసేవలో ముందే పెట్టుకోండి.

తొమ్మిదిలో చేరాక నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో నమోదు చేయాలి, ఆపైన ఏటా రెన్యువల్. ఒక్క ఏడాది మరిచిపోయినా ఆ ఏటి డబ్బు పోయినట్టే. గురుకులంలో గానీ ప్రైవేటు కాలేజీలో గానీ చేర్చితే స్కాలర్‌షిప్ ఆగిపోతుంది, పదయ్యాక సీటు చూసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ఈ శనివారం సమావేశానికి ఆధార్, పాస్‌బుక్, ఏడో తరగతి మార్కుల కాగితం తీసుకురండి. పనికెళ్లే వాళ్లు సాయంత్రం ఆరున్నర దాకా ఎప్పుడొచ్చినా ఆఫీసులో ఉంటాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయులు