డిక్రీ ఉంది, అమీనా లేడు

భీమవరం, 2025 సెప్టెంబరు

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం చదివి నవ్వొచ్చిందిరా. "ఒప్పందాలున్నాయి, ప్రపంచ వాణిజ్య సంస్థ ఉంది, అమెరికా మీద కేసు వేయొచ్చు కదా" అని ఎంత తేలిగ్గా రాశావు! ఇక్కడ చవితి నాడు పొద్దున్నే పత్రి సర్దుతుంటే వ్యాపారి ఫోను. "అమెరికా సుంకం యాభై శాతం ఇవాళ్టి నుంచే. నిన్న చెప్పిన రేటు మర్చిపోండి." చెరువులో రొయ్యకి ఈ సంగతి తెలియదు కదా, మామూలుగానే మేత తింటోంది. ట్రే పైకి తీస్తే ఖాళీ. మామూలు రోజుల్లో అది చూసి సంబరపడేవాణ్ని.

కేసు మాటకొస్తే, మా నాన్న గట్టు తగాదా గుర్తుందా? కోర్టులో గెలిచి డిక్రీ వచ్చిన రోజు స్వీట్లు పంచాడు. తర్వాత దాన్ని అమలు చేయించమని ఈపీ వేసి, ఆ పని చేసే కోర్టు ఉద్యోగి అమీనా వచ్చి, హద్దురాళ్లు పాతేసరికి ఇంకో ఆరేళ్లు. నువ్వన్న ఆ సంస్థ ఉండే జెనీవాలోనూ డిక్రీ వస్తుంది. అమీనా మాత్రం లేడు. ఓడినవాడు మాట వినకపోతే గెలిచినవాడే వాడి సరుకు మీద సుంకం పెంచుకోవాలి.

ఆంటిగ్వా అని కరీబియన్‌లో ఓ బుల్లి దేశం. జనాభా లక్ష లోపే, మన భీమవరమంత కూడా ఉండదు. ఆన్‌లైన్ జూదం వాళ్లకి పెద్ద ఆదాయం. అమెరికా అడ్డుకుంటే 2003లో కేసు వేశారు, 2005లో అప్పీలులోనూ చాలావరకు గెలిచారు. అమెరికా కదల్లేదు. ఏడాదికి 344 కోట్ల డాలర్ల నష్టానికి బదులు తీర్చుకుంటామని అడిగితే, 2007లో జెనీవా వాళ్లు 2.1 కోట్లకి ఒప్పుకున్నారు. సరే, ఎలా తీర్చుకోవాలి? అమెరికా సరుకు మీద సుంకం పెంచితే ఆంటిగ్వాలోనే ధరలు పెరుగుతాయి, అమెరికాకి చీమ కుట్టినట్టైనా ఉండదు. అందుకని అమెరికావాళ్ల కాపీరైట్ల లాంటి హక్కుల్ని ఆ మేరకు పక్కన పెట్టుకోమన్నారు. 2013లో ఆఖరి అనుమతీ వచ్చింది. ఆ కాగితం ఇంకా కాగితంగానే ఉంది.

పెద్ద దేశమైతే కథ వేరు. అమెరికా పత్తి సబ్సిడీల మీద గెలిచిన బ్రెజిల్, 2010లో సుంకాలు పెంచుతామంటూ 102 సరుకుల జాబితా బయట పెట్టింది. కార్లు, గోధుమలు కూడా ఉన్నాయి అందులో. దాంతో అమెరికా దిగొచ్చి, బ్రెజిల్ పత్తి రైతుల నిధికి ఏడాదికి 14.73 కోట్ల డాలర్లు ఇస్తానంది. తన రైతుకి సబ్సిడీ ఆపలేక అవతలి రైతుకీ ఇచ్చాడన్నమాట! మా అబ్బాయికి చెబితే నమ్మలేదు.

మన రొయ్యకీ ఓ గెలుపుందిలే. మరీ చౌకగా అమ్ముతున్నారంటూ వేసిన యాంటీ డంపింగ్ సుంకం చాలదన్నట్టు, దిగుమతిదారులు అదనంగా పెద్ద హామీ బాండు కట్టాలని అమెరికా పట్టుబడితే మనం కేసు వేశాం. 2008లో గెలిచాం, 2009లో ఆ బాండు తీసేశారు. సుంకం మాత్రం ఉండిపోయింది.

ఇప్పుడైతే జెనీవాలో ఆ అప్పీలు కోర్టు ఉన్నా లేనట్టే. ఏడుగురు జడ్జీలు ఉండాల్సిన చోట కొత్తవాళ్లని వేయనీకుండా అమెరికా అడ్డం పడింది. 2019 డిసెంబరు నాటికి కేసు వినడానికి కావాల్సిన ముగ్గురు కూడా మిగల్లేదు. కింద ఓడినవాడు అప్పీలు వేస్తే చాలు, కేసు గాల్లో ఉండిపోతుంది. అమెరికాని తిట్టుకునే ముందు ఇదీ విను: చక్కెర సబ్సిడీల కేసులో మనం ఓడిపోయి, ఆ ఖాళీ కోర్టుకే అప్పీలు వేశాం. చెరుకు రైతుకి అది మంచిదేనేమో గానీ, ఇప్పుడు నేను న్యాయం న్యాయం అని అరవాలంటే కాస్త మొహమాటంగా ఉంది.

బ్రెజిల్ ఈ సుంకాల మీద ఆగస్టులో మళ్లీ జెనీవా గడప తొక్కింది. చూద్దాం. నా టెన్షనల్లా ఎల్లుండి రొయ్యల పట్టుబడి గురించే. రెండు వారాలు ఆగితే కౌంటు, అంటే కిలోకి ఎన్ని రొయ్యలన్న లెక్క, మెరుగవుతుంది, మేత ఖర్చూ పెరుగుతుంది. ఆపనా, పట్టేయనా? ఉత్తరం రాసేంత టైము లేదు, ఇది అందగానే ఫోన్ చెయ్. తెల్లవారుజామున నాలుగింటికైనా పర్లేదు, చెరువుకి గాలి కొట్టే ఏరేటర్ల దగ్గరే ఉంటాను.

నీ
రాంబాబు